టింగుమన్నదల్లా పిలుపేనా?



మన ఆడవాళ్ల చెవికి ఉన్న చదువు ఏ బడిలోనూ చెప్పరు. కుక్కరు రెండో కూత కూసిందంటే అన్నం అయిందని, నాలుగో కూతకి కందిపప్పు మెత్తబడిందని గడియారం చూడకుండానే తెలుసుకుంటాం. వీధి మలుపులో చెత్త బండి పాట వినబడగానే చెయ్యి దానంతట అదే బుట్ట మీదికి పోతుంది. మేడమీద ట్యాంకు నిండి గోడవెంట నీళ్లు జారే చప్పుడు, పాలు పొంగబోయే ముందు గిన్నెలో వచ్చే సన్నటి రొద, పక్కగదిలో మామగారి దగ్గు - అది మామూలు దగ్గా, మందు వెయ్యవలసిన దగ్గా - వీటన్నిటినీ మిక్సీ మోతలో కూడా వేరువేరుగా పోల్చుకుంటాం. దేనికి చేతిలో పని ఆపి లేవాలో, దేనికి ‘ఆఁ, వస్తున్నా’ అని కూర్చునే ఉండవచ్చునో చెవే తీర్పు చెప్పేస్తుంది.

ఇంత తెలివైన చెవిని కూడా తికమక పెట్టే వస్తువు ఒకటి మన ఇళ్లలోకి వచ్చి కూర్చుంది. అదే స్మార్టుఫోను. దానికి అందరూ సమానమే. హాస్టల్లో ఉన్న అమ్మాయి ‘అమ్మా, జ్వరంగా ఉంది’ అని రాసినా టింగుమంటుంది. మొహం తెలియని దుకాణంవాడు కుర్తీలు సగం ధరకే అన్నా టింగుమంటుంది. బ్యాంకులోంచి డబ్బు పోయినా అదే టింగు, పెద్దమామయ్యగారు ముప్ఫైమందికి కలిపి ‘శుభోదయం’ అని గులాబీపువ్వు బొమ్మ పంపినా అదే టింగు. చేతులకు పిండి అంటుకుని ఉన్నప్పుడు అది మోగుతుంది. కొంగుతో తుడుచుకుని పరుగెత్తుకు వెళితే గులాబీపువ్వు. ఈలోగా పొయ్యిమీద పోపు మాడుతుంది. పోనీ ఇక వెళ్లవద్దులే అని ఊరుకుంటే, ఆ మాటు మోగినది అమ్మాయి జ్వరం కబురు కావచ్చును. అందుకని మళ్లీ వెళతాం. మన బలహీనత ఏమీ లేదిందులో. చప్పుడులో తేడా చెప్పకపోతే ఏ చెవైనా ఏం చేస్తుంది?

ఈ టింగులనే నోటిఫికేషన్లు అంటున్నారు. వీటిని అదుపులో పెట్టుకోవడం ఎలాగన్నది ఈ వారం మాట్లాడుకుందాం. ఇదంతా పిల్లల వ్యవహారం, మనకెందుకని పేజీ తిప్పెయ్యకండి. ఇల్లు నడిపేవాళ్లకే దీని అవసరం ఎక్కువ. ఎందుకో చెబుతాను.

పూర్వం టెలిగ్రాం ఉండేది, మీకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. 2013 జూలైలో ఆ సేవ మన దేశంలో ఆపేశారు. మా చిన్నతనంలో టెలిగ్రాం మనిషి సైకిలు గుమ్మం ముందు ఆగిందంటే, కాగితం విప్పకముందే ఇంట్లో ఎవరో ఒకరు ఏడుపు మొదలుపెట్టేవారు. పెళ్లి శుభాకాంక్షలకీ టెలిగ్రాంలు వచ్చేవి కాని, గుండె ముందు గుభేలుమనేది. కారణం ఏమిటంటే మాటకింత అని లెక్కకట్టి డబ్బు తీసుకునేవారు. పైసలు ఖర్చు పెట్టుకుని, తపాలాఫీసు దాకా నడిచివెళ్లి, ఉన్న పది మాటల్ని ఎనిమిదికి కుదించి ఎవడైనా పంపాడంటే, ఆ కబురుకి అంత విలువ ఉన్నట్టే. అంటే ఏది ముఖ్యం, ఏది కాదు అనే ఏరివేత పంపేవాడి దగ్గరే జరిగిపోయేది. ఇప్పుడు ఒక కంపెనీ లక్షమందికి ఒకేసారి కబురు పెట్టినా దానికి అయ్యే ఖర్చు లెక్కలోది కాదు. పంపేవాడికి బరువు తగ్గింది. ఆ బరువంతా అందుకునేవాళ్ల మీద పడింది. బియ్యంలో రాళ్లు ఏరే పని దుకాణంవాడు మానేస్తే చేట మన చేతికి వచ్చినట్టన్నమాట.

అదీగాక, ఈ యాప్‌లు చాలావాటికి మనం వాటివైపు చూడటమే వ్యాపారం. చూస్తే ప్రకటన కనబడుతుంది, ప్రకటన కనబడితే వాళ్లకు డబ్బు. అందుకని ‘మీరు మమ్మల్ని మరిచిపోయారా?’ అనీ, ‘మీ బుట్టలో చీర మీకోసం ఎదురుచూస్తోంది’ అనీ, చుట్టాలకన్నా ఎక్కువ ఆప్యాయంగా పలకరిస్తాయి. చీర ఎదురుచూడటం ఏమిటమ్మా, వాడు ఎదురుచూస్తున్నాడు గాని!

ఇక మన సంగతి. ఒక ఇంట్లో నాలుగు ఫోన్లు ఉన్నాయనుకోండి. పిల్లవాడి స్కూలు గ్రూపులో ఎవరి నంబరు ఉంటుంది? తల్లిది. అపార్టుమెంటు నీళ్ల ట్యాంకరు గ్రూపులో? ఆవిడదే. పుట్టింటి గ్రూపు, మెట్టినింటి గ్రూపు, పాలపాకెట్ల యాప్, గ్యాస్ సిలిండరు తెచ్చే అబ్బాయికి చెప్పవలసిన నంబరు, అత్తగారి రక్తపరీక్షల రిపోర్టు, కరెంటు బిల్లు - అన్నీ ఆవిడ ఫోనుకే. మావారి ఫోను ఆఫీసులో ఉన్నంతసేపూ నోరు మూసుకుని జేబులో పడుకుంటుంది. ఆయన పనిలో ఉన్నారు కదా మరి! మనం ఇంట్లో ఉన్నాం కనుక ఖాళీగా ఉన్నామని లోకం అనుకున్నట్టే ఫోనూ అనుకుంటుంది. రోజులో ఇన్నిసార్లు పిలిపించుకున్న మనిషికి సాయంత్రానికి ‘ఏం చేశానని ఇంత అలసిపోయాను’ అనిపిస్తే ఆశ్చర్యం లేదు. మొదలెట్టిన పని మధ్యలో ఆపి, మళ్లీ ఎక్కడ ఆపామో వెతుక్కోవడం కూడా పనే. సాంబారులో ఉప్పు వేశానా లేదా అని రెండుసార్లు రుచి చూడవలసి వస్తోందంటే, వయసు మీద పడిందని కంగారు పడకండి. ఆ నిమిషంలో ఏదో టింగుమని ఉంటుంది.

ఈ గోల భరించలేక చాలామంది చేసే పని ఒకటుంది. ఫోను మొత్తాన్ని సైలెంటులో పడేస్తారు. హాయిగా ఉంటుంది, నిజమే. కాని ఆ హాయి ఎటువంటిదో ఒక ఉదాహరణ చెబుతాను వినండి.

మా వీధిలో ఒక రిటైరయిన పంతులమ్మగారు ఉన్నారు. ఒంటరి మనిషి, పెన్షను మీద బతుకు. సెలవులకు వచ్చిన మనవడు, అమ్మమ్మ పడుతున్న బాధ చూసి, ‘ఇదిగో, ఇంక నీకు గోల ఉండదు’ అని ఫోను చప్పుడు పూర్తిగా తీసేసి వెళ్లిపోయాడు. కుర్రవాడి ఉద్దేశం మంచిదే. ఒకరోజు మధ్యాహ్నం ఆవిడ ఖాతాలోంచి ఎవడో రెండుమాట్లు డబ్బు లాగాడు. కార్డు వివరాలు ఎక్కడ బయటికి పొక్కాయో తెలియదు. ఆవిడ ఓటీపీ ఎవరికీ చెప్పలేదు, ఏ లింకూ నొక్కలేదు. బ్యాంకు తన ధర్మం ప్రకారం రెండుసార్లూ మెసేజి పంపింది. అవి చీరల అమ్మకాలు, ఋణాలిస్తామనే కబుర్లు, లాటరీ ఆశలు - వీటన్నిటి కింద పడి, చప్పుడు లేకుండా, మర్నాడు సాయంత్రం దాకా ఉండిపోయాయి. గ్యాస్ అబ్బాయికి చెప్పవలసిన నంబరు కోసం వెతుకుతుంటే ఆవిడ కంటబడ్డాయి. పంతులమ్మ కదా, నిబ్బరం ఎక్కువ. ఏడుస్తూ కూర్చోకుండా, కార్డు వెనక ఉన్న నంబరుకి ఫోను చేసి కార్డు ఆపించి, 1930కి ఫిర్యాదు చెప్పి, తెల్లవారగానే బ్యాంకుకి వెళ్లి కాగితం రాసి ఇచ్చి రసీదు తీసుకున్నారు. కొన్ని వారాలకు డబ్బు తిరిగి జమ అయింది.

ఇక్కడ మీకు తెలియవలసిన సంగతి ఉంది. 2017 జూలైలో రిజర్వు బ్యాంకు వారు ఒక నిబంధన పెట్టారు. మన తప్పూ, బ్యాంకు తప్పూ లేకుండా మూడోవాడెవడో మన ఖాతాలోంచి డబ్బు తీస్తే, బ్యాంకు నుంచి కబురు అందిన మూడు పనిదినాల లోపల మనం ఫిర్యాదు చేస్తే నష్టం మన మీద పడదు. ఆ తర్వాత ఏడో పనిదినం లోపల చెబితే కొంత భారం మన మీద పడుతుంది. అదీ దాటితే ఆ బ్యాంకు పెట్టుకున్న పద్ధతిని బట్టి ఉంటుంది. మనమే ఓటీపీ చెప్పి ఉంటే మాత్రం, ఫిర్యాదు చేసేదాకా జరిగిన నష్టం మనదే. లెక్క మొదలయ్యేది ఎక్కడినుంచో గమనించారా? కబురు అందిన దగ్గరనుంచి. మన ఫోనుకి కబురు వచ్చింది, మనం చూడలేదు - గడియారం మాత్రం తిరుగుతూనే ఉంది. రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చోవడం ఎందుకు, చూసిన గంటలోనే చెప్పడం మంచిది. అసలు చూడాలంటే అది వినబడాలి కదా.

కాబట్టి ఫోను నోరు నొక్కెయ్యడం మందు కాదు. ఎవరి పిలుపు వినబడాలి, ఎవరిది వచ్చినా వీధి అరుగు మీదే కూర్చోవాలి అని మనం తేల్చాలి. ఇంటికి వచ్చిన ప్రతివారినీ వంటింట్లోకి తీసుకువెళతామా? అప్పడాలమ్మేవాడిని గుమ్మం బయటే మాట్లాడి పంపిస్తాం. ఆడపడుచు అయితే సరాసరి లోపలికి వచ్చేస్తుంది. అంతే ఇక్కడా.

తేల్చుకోవడానికి నాకు తోచిన ప్రశ్న ఒకటే. ‘ఇది విని నేను పొయ్యి దగ్గరనుంచి లేవాలా?’ బ్యాంకు, పిల్లలు, స్కూలు, ఒంటరిగా ఉన్న తల్లిదండ్రులు, డాక్టరు - వీటికి లేవాలి. సిలిండరు అబ్బాయి, కొరియరు, నీళ్ల ట్యాంకరు - వీటికీ లేవాలి, ఆ పూట వరకు. మిగిలినవాటికి అక్కర్లేదు. అవి నిశ్శబ్దంగా వచ్చి వరసలో కూర్చుంటే మధ్యాహ్నం కాఫీ వేళ మనమే వెళ్లి చూస్తాం.

చెయ్యడం కష్టమేమీ కాదు. ఫోనులో ఒక నోటిఫికేషను రాగానే దాన్ని పక్కకు తోసేస్తాం కదా, అలా తొయ్యకండి. తోసేస్తే ఆ ఒక్కటే పోతుంది, గంటకి ఇంకోటి వస్తుంది. బెల్లం గిన్నె మీద మూత పెట్టకుండా ఈగల్ని తోలినట్టు ఉంటుంది ఆ పని. దానిమీద వేలు పెట్టి కాస్త సేపు అదిమి ఉంచండి. చిన్న పెట్టె తెరుచుకుంటుంది. దాన్ని నిశ్శబ్దంగా రానివ్వాలా, అసలు రానివ్వద్దా అని అడుగుతుంది. సైలెంట్ అన్నది నొక్కితే వస్తుంది గాని మోగదు. ఆపెయ్యి అంటే రానేరాదు. ఫోను కంపెనీని బట్టి మాటలు కాస్త అటూ ఇటూగా ఉంటాయి, పద్ధతి మాత్రం ఆండ్రాయిడ్ ఫోన్లలో ఇంచుమించు ఇదే. ఐఫోను వాళ్లు నోటిఫికేషన్‌ని ఎడమవైపుకి కొద్దిగా జరిపితే ఆప్షన్స్ అని కనబడుతుంది, అక్కడ ఈ ఏర్పాట్లు ఉంటాయి. ఒక్కరోజులో అన్నీ చక్కబెట్టాలని కూర్చోకండి, తల తిరుగుతుంది. ఏది విసిగిస్తే దాన్ని ఆ క్షణంలోనే అదిమి పట్టుకోండి. వారం రోజులు ఇలా చేస్తే సగం గోల తగ్గిపోతుంది.

ఒకే యాప్‌లో మంచీ చెడూ కలిసి ఉంటే? ఉదాహరణకి సరుకులు తెచ్చే యాప్. ‘మీ సామాను గుమ్మంలో ఉంది’ అన్న కబురు కావాలి, ‘ఈరోజు పనీరు చవక’ అన్నది వద్దు. సెట్టింగులలోకి వెళ్లి, ఆ యాప్ పేరు పట్టుకుని, నోటిఫికేషన్లు అన్నచోట చూడండి. ఆర్డర్లు వేరుగా, ఆఫర్లు వేరుగా వరసలు కనబడతాయి. 2017లో వచ్చిన ఆండ్రాయిడ్ 8 నుంచి ఈ విభజన ఉంది. ఆఫర్ల పక్కనున్న మీట కట్టేస్తే సరి. కొందరు గడుసువాళ్లు ఉంటారు, ఆఫర్లను కూడా ఆర్డర్ల వరసలోంచే తోసుకువస్తారు. అటువంటివాడికి మొహమాటం లేకుండా మొత్తం తలుపే వేసెయ్యండి. సరుకు కావలసినప్పుడు మనమే వెళతాం. ఇంకో మాట. 2022లో వచ్చిన ఆండ్రాయిడ్ 13 నుంచి, కొత్త యాప్ పెట్టుకోగానే ‘నోటిఫికేషన్లు పంపించమంటారా?’ అని అడుగుతుంది. పిల్లలు ఫోను చేతికిచ్చి ‘ఓకే నొక్కమ్మా’ అంటారు. తొందరేమీ లేదు. వద్దని నొక్కినా యాప్ పనిచేస్తుంది. కావాలంటే తర్వాత తెరవచ్చు.

పొరపాటున ముఖ్యమైనది తోసేశామన్న భయం కొందరికి. దానికీ ఉపాయం ఉంది. నోటిఫికేషన్ల సెట్టింగులలో ‘నోటిఫికేషన్ హిస్టరీ’ అని ఒకటుంది, 2020లో వచ్చిన ఆండ్రాయిడ్ 11 నుంచీ. దాన్ని ఒకసారి తెరిచి ఉంచుకుంటే, గడిచిన ఇరవైనాలుగు గంటల్లో వచ్చినవీ, మనం తోసేసినవీ అక్కడ కనబడతాయి.

వాట్సప్ గ్రూపుల దగ్గరే మనకి అసలు చిక్కు. ఇది యంత్రం సంగతి కాదు, మర్యాద సంగతి. ‘మా తోడికోడలు పెట్టిన గ్రూపు మ్యూట్ చేస్తే ఏమనుకుంటుందో’ అని ఎంతమంది నన్ను అడిగారో లెక్కలేదు. ఏమీ అనుకోదు, ఎందుకంటే ఆవిడకి తెలియదు. మ్యూట్ చేసినట్టు అవతలివాళ్లకి కబురు వెళ్లదు. గ్రూపు పేరు మీద నొక్కితే ఎనిమిది గంటలా, వారమా, ఎప్పటికీనా అని అడుగుతుంది. ‘ఎప్పటికీ’ అన్నది 2020లో వచ్చింది. ఎవరు కనిపెట్టారో గాని, ఆ మహానుభావుడి ఇంట్లో పెద్ద చుట్టరికమే ఉండి ఉంటుంది. ‘ఎప్పటికీ’ అని పెట్టినా గ్రూపు ఎక్కడికీ పోదు. మెసేజీలు వస్తూనే ఉంటాయి. మోగవు, అంతే. రాత్రి భోజనాలయ్యాక తెరిచి, పెద్దమామయ్యగారి గులాబీకి ఒక దండం బొమ్మ పెట్టండి. ఆయనకీ తృప్తి, మీకూ తృప్తి.

స్కూలు గ్రూపు మాత్రం వేరు. అందులో టీచరుగారు రాసేది ఒకటైతే, దానికింద ‘థాంక్యూ మేడమ్’లు నలభై. ఆ నలభైలో రేపు సెలవన్న ముక్క మునిగిపోతుంది. ఇటువంటి చోట గ్రూపుని మ్యూట్ చేసుకుని, టీచరుగారి నంబరు వేరుగా దాచుకోండి. మీ ఊళ్లో తల్లిదండ్రుల సమావేశం జరిగితే, అడ్మిన్లు మాత్రమే రాసేలా ఆ గ్రూపుని మార్చమని అడగండి. ఆ వీలు వాట్సప్‌లో ఉంది. నలుగురు తల్లులు కలిసి అడిగితే ఎవరూ కాదనరు.

ఇక రాత్రివేళ. పెళ్లయి దూరదేశాల్లో ఉన్న పిల్లలకి మన రాత్రి పగలు. ఊళ్లో ఒంటరిగా ఉన్న తల్లికి అర్ధరాత్రి కాలు జారితే దిక్కు మనమే. అందుకని ఎంత గోలయినా ఫోను తల దగ్గరే పెట్టుకుని పడుకునేవాళ్లు ఎందరో. పండగల సేల్ రోజుల్లో అర్ధరాత్రి పన్నెండింటికి కొట్టు తెరిచామని మోగుతుంది. గుండె దడదడలాడుతూ లేచి చూస్తే చెప్పుల మీద తగ్గింపు. మళ్లీ నిద్ర పట్టేసరికి రెండవుతుంది, తెల్లవారి ఐదింటికి లేవాలి.

దీనికోసమే ‘డూ నాట్ డిస్టర్బ్’ అని ఏర్పాటు ఉంది. తెలుగులో పెట్టుకున్న ఫోన్లలో ‘అంతరాయం కలిగించవద్దు’ అని కనబడుతుంది. రాత్రి పదినుంచి ఉదయం ఐదుదాకా అని వేళ పెట్టేస్తే, దానంతట అదే మొదలై దానంతట అదే తీరిపోతుంది. కాని పెట్టేముందు రెండు పనులు మరవకండి. ఒకటి, అమ్మ, నాన్న, పిల్లలు, తమ్ముడు - ఇలా ఏ వేళనైనా పిలవగల హక్కు ఉన్నవాళ్ల పేర్లు కాంటాక్టులలో తెరిచి, పైన ఉన్న నక్షత్రం గుర్తు నొక్కండి. నక్షత్రం ఉన్నవాళ్ల కాల్స్ మోగవచ్చునని ఆ ఏర్పాటులో చెప్పండి. ఐఫోనులో ఈ ఏర్పాటు ఫోకస్ అన్నచోట ఉంటుంది, అక్కడ ఎవరెవరి పిలుపులు మోగాలో పేర్లు ఎంచుకోవాలి. రెండోది, ‘రిపీట్ కాలర్స్’ అన్న మీట తెరిచి ఉంచండి. అంటే ఒకే నంబరు నుంచి పదిహేను నిమిషాల లోపల రెండోసారి ఫోను వస్తే, నక్షత్రం లేకపోయినా మోగుతుంది. ఐఫోనులో ఇది మూడు నిమిషాల లెక్క. అమ్మకి కష్టం వస్తే అమ్మే చెయ్యనక్కర్లేదు, పక్కింటివాళ్లు తమ ఫోను నుంచి చెయ్యవచ్చు. ఆ నంబరు మన దగ్గర ఉండదు. అందుకే ఈ రెండో మీట. ఊరికి వెళ్లినప్పుడు పక్కింటివాళ్లకి ఒక మాట చెప్పి రండి - రాత్రి పూట ఎత్తకపోతే వెంటనే ఇంకోసారి చెయ్యమని. తెల్లవారుజామున అత్తగారి థైరాయిడ్ మాత్ర కోసం పెట్టుకున్న అలారం సంగతేమిటంటారా? మామూలుగా అలారాలు ఈ నిశ్శబ్దంలోనూ మోగుతాయి. అయినా సెట్టింగులలో అలారాలకి అనుమతి ఉందో లేదో కళ్లతో చూసుకోండి. మాత్రల విషయంలో నమ్మకాలు పనికిరావు.

ఎట్టి పరిస్థితిలోనూ కట్టెయ్యకూడని మోత ఒకటి ఉంది. 2023లో గుర్తుందా, ఒకనాడు ఉన్నట్టుండి ఫోన్లన్నీ ఒక్కసారిగా వింతగా బీరుబీరుమని మోగి, తెరమీద హెచ్చరిక వచ్చింది. అది కేంద్ర టెలికాం శాఖ వారు పరీక్షగా పంపినది. దీన్ని సెల్ బ్రాడ్‌కాస్ట్ అంటారు. మన నంబరు వెతుక్కుంటూ వచ్చే మెసేజి కాదిది. ఫలానా టవర్ల కింద ఉన్న ఫోన్లన్నిటికీ, రేడియో ప్రసారం లాగా, ఒకేసారి అందుతుంది. తుఫాను, వరద, పిడుగులు వంటి ప్రమాదాలకి ఉద్దేశించినది. ఆ చప్పుడుకి పసివాడు జడుసుకున్నాడని, ఎక్కడో సెట్టింగు వెతికి మరీ దాన్ని ఆపించినవారిని నేను ఎరుగుదును. అయ్యో, అలా చెయ్యకండమ్మా. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడి వేలమంది ప్రాణాలు పోయాయి. ఆ రోజుల్లో ప్రతి గుడిసెకీ హెచ్చరిక చేర్చే సాధనం లేదు. ఆ సాధనం ఇప్పుడు మన కొంగున ఉంది. ఫోను సెట్టింగులలో భద్రత, అత్యవసరం అన్నచోటగాని, నోటిఫికేషన్లలోగాని ‘వైర్‌లెస్ ఎమర్జెన్సీ అలర్ట్స్’ అని ఉంటుంది. ఎవరైనా కట్టేసి ఉంటే తెరిచి పెట్టండి. సముద్రం ఒడ్డున, కృష్ణా గోదావరుల పక్కన, వాగుల పక్కన ఉండేవారు ఈ రోజే చూసుకోవాలి.

మంచి హెచ్చరికల వేషం వేసుకుని వచ్చే దొంగ హెచ్చరికలూ ఉన్నాయి. ఇంటర్నెట్టులో వంటల కోసమో, జాతకం కోసమో ఏదో పేజీ తెరుస్తాం. ‘అలౌ’ నొక్కమని అడుగుతుంది. నొక్కితేగాని పేజీ రాదేమోనని నొక్కేస్తాం. మర్నాటినుంచి ‘మీ ఫోనులో వైరసులున్నాయి, వెంటనే శుభ్రం చెయ్యండి’ అని ఎర్రటి అక్షరాలతో పిలుపులు. అది ఫోను చెప్పే మాట కాదు, ఆ పేజీవాడు మన గుమ్మంలో నిలబడి అరిచే కేక. దానిమీద నొక్కవద్దు. క్రోమ్ సెట్టింగులలో సైటు సెట్టింగులు, అందులో నోటిఫికేషన్లు తెరిస్తే, మనం అనుమతి ఇచ్చిన పేజీల జాబితా ఉంటుంది. అన్నిటినీ బయటికి పంపెయ్యండి.

అలాగే మెసేజీలు. ‘ఈ రాత్రికే మీ కరెంటు కట్ చేస్తాం, ఈ నంబరుకి ఫోను చెయ్యండి’ అని మామూలు పదంకెల నంబరు నుంచి వస్తే నమ్మకండి. కంపెనీల నుంచి, బ్యాంకుల నుంచి వచ్చే మెసేజీలకి నంబరు బదులు అక్షరాల పేరు ఉంటుంది. 2025 నుంచి ఆ పేరు చివర చిన్న గీత, గీత పక్కన ఒక ఇంగ్లీషు అక్షరం కూడా ఉంటున్నాయి. ‘పి’ అంటే ప్రచారం, ‘ఎస్’ అంటే సేవకు సంబంధించిన కబురు, ‘టి’ అంటే లావాదేవీ, ‘జి’ అంటే ప్రభుత్వం. ఆ ఒక్క అక్షరం చూస్తే చాలు, చీరల కబురేదో, డబ్బు కబురేదో మెసేజి తెరవకుండానే తెలుస్తుంది. ఇంగ్లీషు అంతగా రాని పెద్దవాళ్లకి కూడా నాలుగక్షరాలు నేర్పడం కష్టం కాదు. ప్రచారం మెసేజీలూ, కాల్సూ అసలే వద్దనుకుంటే 1909కి ఫోను చేసి మన నంబరు మీద వద్దని నమోదు చేయించుకోవచ్చు. డబ్బేమీ తీసుకోరు.

ఇంకొకటి, ఫోను బల్లమీద వెల్లకిలా పెట్టి ఉంటే ఓటీపీ తెరమీదికి వచ్చేస్తుంది, తాళం వేసి ఉన్నా సరే. పక్కన కూర్చున్నవాడు చదువుకోవచ్చు. లాక్ స్క్రీన్ మీద రహస్య సమాచారం కనబడవద్దని పెట్టుకుంటే, మెసేజి వచ్చిందని తెలుస్తుంది గాని లోపలి మాట కనబడదు.

ఇంట్లో పెద్దవాళ్ల ఫోను ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. పైన యాభై అరవై నోటిఫికేషన్లు పేరుకుని ఉంటాయి. వాళ్లకి ఏది నొక్కితే ఏమవుతుందోనన్న భయం, అడిగితే విసుక్కుంటారేమోనన్న బిడియం. పక్కన కూర్చోబెట్టుకుని, వాళ్ల చేతనే అదిమి పట్టించి, వాళ్ల చేతనే ఆపించండి. మీరు చేసేసి ఇస్తే పంతులమ్మగారి మనవడు చేసినట్టే అవుతుంది. కొడుకుకి ఒక రింగు, కూతురికి ఇంకో రింగు పెట్టి వినిపించండి. కళ్లజోడు వెతుక్కునేలోపలే ఎవరో తెలిసిపోతే వాళ్ల మొహం చూడాలి!

రాత్రి ఏర్పాట్లన్నీ చేసుకున్నాక వాటిని నమ్మి పడుకోకండి, ఆ పూటే పరీక్ష చెయ్యండి. పదిదాటాక మీ ఫోను మంచం పక్కన పెట్టి, నక్షత్రం ఉన్న అమ్మాయిని ఒకసారి చెయ్యమనండి, మోగాలి. తర్వాత నక్షత్రం లేని పక్కింటావిడ ఫోను నుంచి ఒకసారి చేయించండి, మోగకూడదు. వెంటనే రెండోసారి చేయించండి, మోగాలి. మోగకపోతే ఆ మీట ఇంకా తెరుచుకోలేదన్నమాట, మళ్లీ వెళ్లి చూడండి. ఫోను మార్చినప్పుడూ, కంపెనీవాళ్లు సాఫ్టువేరు మార్చినప్పుడూ ఈ పరీక్ష ఇంకోసారి చెయ్యాలి.